మనసు బాగోలేనప్పుడు ఊళ్లో ఎవరి దగ్గరికి వెళ్లాలి?

2004 జూన్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 421 నంబరు జీవో ఇచ్చింది. అప్పులపాలై ప్రాణం తీసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర రూపాయల సాయం. అందులో లక్ష కుటుంబానికి, మిగిలిన 50 వేలు అప్పులవాళ్ల బాకీ తెంచడానికి. చావు నిజంగా సేద్యపు అప్పుల వల్లే జరిగిందా అని తేల్చడానికి ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకుడు కలిసి ముగ్గురి కమిటీ. వాళ్లు ఇంటికి వస్తారు, పట్టా పాసుపుస్తకం అడుగుతారు, ప్రామిసరీ నోట్లు చూస్తారు, ఇరుగుపొరుగును విచారిస్తారు. తెలంగాణ ఏర్పడ్డాక 2015లో అక్కడ ఆ సాయం 6 లక్షలకు పెరిగింది.

సర్కారు సొమ్ము ఇచ్చేటప్పుడు ఏదో ఒక పరిశీలన ఉండాల్సిందే. కాకపోతే పంట పోయిన ఏడాది, వడ్డీ వందకు మూడు రూపాయల నుంచి ఐదుకు ఎక్కిన నెల, ఆ మనిషికి కంటిమీద కునుకు కరువైన వారం, ఆ గడప తొక్కడం ఎవరి ఉద్యోగమూ కాదు. పోయాక ముగ్గురు అధికారులు వస్తారు, ఉండగా ఒక్కరూ రారు. ఒక ఊరి మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడాలంటే ఈ ఖాళీ దగ్గర మొదలుపెట్టాలి.

మామూలుగా మొదలుపెట్టేది వేరే చోట. ఏటా అక్టోబరు 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినమని కాలేజీలో ఒక సదస్సు జరుగుతుంది. సానుకూలంగా ఆలోచించండి, యోగా చేయండి, కష్టాలను ధైర్యంగా ఎదుర్కోండి అని వక్తలు చెబుతారు. యోగా మంచిదే, ఎవరూ కాదనరు. కానీ మనోధైర్యం మనిషి పుట్టుకతో తెచ్చుకునే గుణమన్నట్టు మాట్లాడితే, అది తగ్గినవాడు పిరికివాడన్న అర్థం వెనకే వస్తుంది. పిరికివాడని పేరు పడుతుందని భయపడేవాడు నోరు విప్పడు. నిజానికి గత రెండు దశాబ్దాల్లో పేద దేశాల్లో జరిగిన పరీక్షలు ధైర్యానికి చాలా మామూలు వనరులున్నాయని తేల్చాయి: నడిచి వెళ్లేంత దూరంలో తెలిసిన మనిషి ఒకరు, ఆ మనిషికి వినే తీరిక, వినడానికో పద్ధతి, తన వల్ల కానిదాన్ని ఎక్కడికి పంపాలో తెలియడం. ఇవన్నీ ఏర్పాట్లు. ఏర్పాట్లు కాబట్టి వాటిని పెట్టొచ్చు, పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని అడగొచ్చు కూడా.

ముందుగా లెక్కల పరిస్థితి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నేతృత్వంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో దాదాపు 10.6 శాతం మంది ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఈ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ ఆ పన్నెండింటిలో లేవు. తెలుగు పత్రికలు మన పరిస్థితి ఇదీ అంటూ వాడే అంకెలు చాలావరకు గుజరాత్, తమిళనాడు, మధ్యప్రదేశ్ లాంటి చోట్ల పోగుచేసినవన్నమాట. మానసిక వైద్యులు దేశంలో లక్ష మందికి ఒక్కరు కూడా లేరు. తరచుగా చెప్పే లెక్క 0.75. ఉన్నవాళ్లలో ఎక్కువమంది నగరాల్లోనే ప్రాక్టీసు పెడతారు.

వైద్యులు తక్కువన్న సంగతి ప్రభుత్వానికి కొత్తగా తెలిసిందేమీ కాదు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనే మొదలైంది. కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల (పీహెచ్‌సీల) డాక్టర్లకు, సిబ్బందికి శిక్షణ ఇచ్చి మానసిక వైద్యాన్ని పల్లెకు తీసుకెళ్లొచ్చని ఆ దశాబ్దంలోనే నిమ్హాన్స్ చూపించింది. దాన్ని నమూనాగా తీసుకుని 1996లో దేశంలో నాలుగు జిల్లాల్లో జిల్లా కార్యక్రమం పెడితే అందులో మన మెదక్ ఒకటి. అంటే ఈ దారిలో తెలుగు నేల తొలి నాలుగు అడుగుల్లో ఒకటి వేసింది. తర్వాత కార్యక్రమం కాగితం మీద చాలా జిల్లాలకు పాకింది. నడవాల్సినంత వేగంగా నడవకపోవడానికి సిబ్బంది ఖాళీలు ఒక కారణం. ఇంకో కారణం గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. అది డాక్టరు కోసం కట్టిన ఏర్పాటు, మనిషి కోసం కట్టింది కాదు.

పీహెచ్‌సీ ఓపీలో మనసు బాగోలేదని చెప్పుకునేవాళ్లు చాలా అరుదు. తల దిమ్ముగా ఉంది, గుండెల్లో దడ, ఒళ్లంతా నొప్పులు, ఆకలి లేదు, నీరసం అంటారు. తెలంగాణలో అయితే రంది పట్టుకుందంటారేమో, అదీ డాక్టరుతో కాదు, పక్కింటావిడతో. డాక్టరు బి-కాంప్లెక్సు, నొప్పి మాత్రలు రాసి, కుదిరితే సెలైన్ పెట్టిస్తాడు. అక్కడ నుంచి ఇంకా పైకి వెళ్లమంటే గుర్తొచ్చేది హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు. ఎర్రగడ్డ అన్న పేరే తిట్టుగా మారిపోయిన చోట, పెళ్లీడు కూతురున్న ఇంట్లో ఎవరు బస్సెక్కుతారు? ఆ ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ల తప్పేమీ లేదు. ఊరికీ ఆసుపత్రికీ మధ్య మెట్లు లేవు, అంతే.

హరారేలో అవ్వల బెంచీ

ఆ మెట్టు ఎలా ఉంటుందో చూడాలంటే జింబాబ్వే వెళ్లాలి. 2005లో అక్కడి ప్రభుత్వం మురికివాడలను, వీధి దుకాణాలను కూల్చేసింది. ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం సుమారు 7 లక్షల మంది ఇల్లో, బతుకుదెరువో, రెండూనో కోల్పోయారు. ఆ సమయంలో రాజధాని హరారేలో పనిచేస్తున్న మానసిక వైద్యుడు డిక్సన్ చిబాండా దగ్గర చికిత్స పొందుతున్న ఒక యువతి ప్రాణం తీసుకుంది. మళ్లీ చూపించుకోవడానికి రావాల్సింది, బస్సు ఛార్జీకి 15 డాలర్లు లేక రాలేకపోయింది. తనలాంటి డాక్టర్లను ఇంకో పదిమందిని తయారుచేసినా ఈ దూరం తగ్గదని ఆయనకు అర్థమైంది.

2006లో ఎంబారే అనే పేటలో పని మొదలుపెట్టాలనుకుంటే ఆయనకు డాక్టర్లనిచ్చేవాళ్లు లేరు, నర్సులకు తీరిక లేదు, క్లినిక్‌లో గది కూడా ఖాళీ లేదు. దొరికింది 14 మంది అవ్వలు. నగర ఆరోగ్య శాఖ కింద చాలాకాలంగా ఇంటింటికీ తిరుగుతున్న ఆరోగ్య కార్యకర్తలు వాళ్లు. గది లేదు కాబట్టి క్లినిక్ ఆవరణలో చెట్టు కింద చెక్క బెంచీ వేశారు. మొదట దానికి మానసిక ఆరోగ్యపు బెంచీ అని పేరు పెడితే ఎవరూ కూర్చోలేదు. స్నేహపు బెంచీ అని మార్చమని అవ్వలే చెప్పారు. మార్చాక జనం వచ్చారు. అవ్వలు డిప్రెషన్ అన్న మాటను కూడా పక్కన పెట్టారు. అక్కడి షోనా భాషలో ఆలోచనలు మరీ ఎక్కువైపోవడానికి ఒక మామూలు మాట ఉంది, దాన్నే వాడారు. వచ్చినవాళ్లను 14 ప్రశ్నలు అడుగుతారు, ఆ ప్రశ్నలు కూడా అక్కడి జనం తమ బాధను చెప్పుకునే మాటల నుంచి కూర్చినవే.

బెంచీ మీద జరిగేది ఓదార్పు అనుకుంటే పొరపాటు. మొదట కష్టాలన్నీ చెప్పనిస్తారు. తర్వాత వాటిలో ఒక్కదాన్ని, ఇప్పుడు కదిలించగలిగినదాన్ని, వచ్చినామెతోనే ఎంచిస్తారు. దానికి ఏం చేయొచ్చో ఆమె నోటితోనే చెప్పిస్తారు. వారం తర్వాత వచ్చి ఏమైందో చెప్పమంటారు. మొగుడు కొడుతున్నాడు, అద్దె కట్టలేదు, హెచ్ఐవీ మాత్రలు మానేశాను, పిల్ల బడి మానేసింది అని నాలుగు చెబితే, ఈ వారం బడి సంగతి చూద్దాం అంటారు. అలా ఆరు విడతలు. ఆ తర్వాత, ఇష్టమైతే, బెంచీ మీంచి లేచినవాళ్లంతా కలిసే గుంపులో చేరొచ్చు. అక్కడ పాత ప్లాస్టిక్‌తో సంచులు అల్లుతూ మాట్లాడుకుంటారు, అమ్ముకుంటారు.

ఇది బాగుందని చెప్పుకోవడానికి పదేళ్లు పట్టింది. 24 క్లినిక్‌లలో 573 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2016 డిసెంబరులో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చాయి. ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలు సేవలు మరికాస్త మెరుగుపరిచి ఇచ్చినవాళ్లలో 49.9 శాతం మందికి డిప్రెషన్ లక్షణాలు ఇంకా ఉన్నాయి. అవ్వల దగ్గర కూర్చున్నవాళ్లలో 13.7 శాతానికే. మానసిక చికిత్సా పరీక్షల్లో ఇంత తేడా తరచుగా కనిపించదు.

ఇందులో మనం గమనించాల్సింది అవ్వల ప్రేమ ఒక్కటే కాదు. ప్రేమ ఉన్న అవ్వలు మనకూ ఉన్నారు. వాళ్లకు పద్ధతి ఉంది, పైన సలహా ఇచ్చే నిపుణులున్నారు, ప్రాణం మీదికి వచ్చే స్థితి కనిపిస్తే ఎవరికి చెప్పాలో తెలుసు, నగర పాలక సంస్థ వాళ్లకు డబ్బు ఇస్తుంది. ఈ నాలుగింటిలో ఏది తీసేసినా మిగిలేది ఊరి పెద్దమ్మ సలహా. అది ఒక్కోసారి మేలు చేస్తుంది, ఒక్కోసారి సర్దుకుపొమ్మని చెప్పి కూతుర్ని తిరిగి అత్తారింటికి పంపుతుంది.

పాకిస్థాన్‌లోని రావల్పిండి ప్రాంతంలో 2008లో ఫలితాలొచ్చిన ఇంకో పరీక్ష ఉంది. అక్కడ లేడీ హెల్త్ వర్కర్లు, అంటే దాదాపు మన ఆశా కార్యకర్తల్లాంటివాళ్లు, డిప్రెషన్‌తో ఉన్న గర్భిణుల దగ్గరికి వెళ్లారు. కాన్పయిన ఆరు నెలలకు, వాళ్ల సాయం అందినవాళ్లలో 23 శాతం మందికి, అందనివాళ్లలో 53 శాతం మందికి డిప్రెషన్ కొనసాగింది. ఇక్కడి తెలివి ఏమిటంటే, వచ్చిన పని మనసు గురించని వాళ్లు చెప్పలేదు. పుట్టబోయే బిడ్డ ఎదుగుదల గురించన్నారు. దాంతో అత్తగార్లు అడ్డు చెప్పలేదు.

పశ్చిమ గోదావరి, మెహ్‌సాణా, వికారాబాద్

మన దగ్గర ఇలాంటిది జరగలేదా అంటే జరిగింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థవాళ్లు పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన గ్రామాల్లో మొదలుపెట్టిన పథకంలో ఆశా కార్యకర్తకు ఒక ట్యాబ్ ఇచ్చారు. ఇంటింటికీ తిరిగి అందులోని ప్రశ్నలు అడగాలి. దిగులు, ఆందోళన, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఉన్నట్టు తేలితే ఆ వివరం పీహెచ్‌సీ డాక్టరు ట్యాబ్‌కు చేరుతుంది, ఏ మందు ఎప్పుడు ఇవ్వాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం అతనికీ సూచనలొస్తాయి. అంతకుముందు ఊళ్లో మానసిక జబ్బుల మీద అపోహలు పోగొట్టే ప్రచారం, వీధి నాటకం. సమస్య ఉన్నట్టు తేలినవాళ్లలో అంతకుముందు వైద్యం కోసం వెళ్లినవాళ్లు 0.8 శాతం. పథకం తర్వాత 12.6 శాతం.

ఈ అంకెను రెండు వైపుల నుంచీ చదవాలి. పదిహేను రెట్లు పెరగడం నిజమే. వందలో 87 మంది అప్పటికీ వెళ్లలేదన్నదీ నిజమే. సమస్య ఉందని కనిపెట్టడం సులువు, ఆ మనిషిని పీహెచ్‌సీ మెట్లెక్కించడం కష్టం. ఒక రోజు కూలి వదులుకోవాలి, కొండ దిగాలి, ఆ రోజు డాక్టరు ఉండాలి, మందు ఉండాలి. తర్వాత ఇదే పద్ధతిని ఆంధ్రప్రదేశ్, హర్యానాల్లో 44 పీహెచ్‌సీల పరిధిలో పెద్ద ఎత్తున పరీక్షిస్తే దిగులు లక్షణాలు తగ్గినట్టు తేలింది. పద్ధతి పనిచేస్తుందన్న దానికి ఇక ప్రయోగాలు అక్కర్లేదు. ప్రయోగం ముగిశాక ఆ ట్యాబ్ ఎవరు నడుపుతారన్నదే ప్రశ్న.

గుజరాత్‌లోని మెహ్‌సాణా జిల్లాలో నడిచిన ఆత్మీయత పథకం ఇంకో అడుగు వేసింది. పుణెలోని ఇండియన్ లా సొసైటీకి చెందిన మానసిక ఆరోగ్య చట్టం, విధానాల కేంద్రం రూపొందించిన పథకమిది. ఊళ్లో పలుకుబడి ఉన్న మామూలు మనుషులను ఎంపికచేసి శిక్షణ ఇచ్చారు. వాళ్లు నాలుగు నుంచి ఆరు సార్లు బాధితుడితో కూర్చుంటారు, ఫోన్లో చిన్న సినిమాలు చూపిస్తారు, జబ్బు తీవ్రంగా ఉంటే ఆసుపత్రికి పంపుతారు. వీటితోపాటు వాళ్ల పనిలో ఇంకోటి కూడా రాసి ఉంది: పింఛను, వికలాంగుల ధ్రువపత్రం, ఇతర ప్రభుత్వ పథకాలు ఇప్పించడం. ఇది అదనపు సేవలా కనిపిస్తుంది గానీ అసలు చికిత్సలో సగం ఇదే. ఇండొనేసియాలో పేద కుటుంబాలకు నగదు బదిలీ పథకం పెట్టిన ప్రాంతాల్లో ఆత్మహత్యలు 18 శాతం తగ్గాయని ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. అక్కడ ఏ కౌన్సెలరూ వెళ్లలేదు, డబ్బు వెళ్లింది.

ఆ సంగతి తెలంగాణలో ముందే గ్రహించినవాళ్లున్నారు. 2017లో వికారాబాద్ జిల్లాలో మొదలై తర్వాత ఆదిలాబాద్, మంచిర్యాలకు వెళ్లిన కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ కష్టంలో ఉన్న రైతుల కోసం పెట్టింది. రైతు ఫోన్ చేసి నాకు దిగులుగా ఉందని చెప్పడు. పాసుపుస్తకంలో పేరు తప్పు పడిందనో, బ్యాంకు అప్పు ఇవ్వలేదనో, బోరు ఎండిందనో చెబుతాడు. హెల్ప్‌లైన్ వాళ్లు ఆ ఫిర్యాదు పట్టుకుని సంబంధిత శాఖ చుట్టూ తిరుగుతారు, క్షేత్రంలో ఉన్న సమన్వయకర్త ఇంటికి వెళ్తాడు. రెవెన్యూ కార్యాలయంలో ఒక సంతకం పడటం మానసిక ఆరోగ్య సేవ అవుతుందా అంటే, కౌలు రైతు విషయంలో తప్పకుండా అవుతుంది. భూమి కాగితం తన పేర ఉండదు కాబట్టి బ్యాంకు అప్పు రాదు, బ్యాంకు రాదు కాబట్టి ప్రైవేటు వడ్డీ. కౌలుదారులకు గుర్తింపు కార్డుల కోసం 2011లో ఉమ్మడి రాష్ట్రంలో ఒక చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మరో చట్టం వచ్చాయి. కార్డు మీద భూయజమాని సంతకం ఎవరు పెట్టిస్తారన్న దగ్గర 2019 చట్టం తడబడింది.

నలుగురూ కూర్చుంటే మంచే జరుగుతుందా?

సమాజం, సంఘం, ఊరు అన్న మాటలు వినడానికి తియ్యగా ఉంటాయి. 2010 ఆంధ్రప్రదేశ్‌ను గుర్తుచేసుకుంటే ఆ తీపి కొంత తగ్గుతుంది. మైక్రోఫైనాన్స్ కంపెనీలు పది మంది ఆడవాళ్లను గుంపుగా కూర్చోబెట్టి అప్పులిచ్చాయి. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. వారం వారం మీటింగు. వాయిదా తప్పినామె ఇంటి ముందు మిగతా సభ్యులే కూర్చుని పరువు తీసేవాళ్లు, ఎందుకంటే ఆమె కట్టకపోతే వాళ్ల జేబుకు చిల్లు. ఆత్మహత్యల వార్తలు వరుసగా వచ్చాయి. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వారపు వసూళ్లను ఆపి నెలవారీ చేసింది, వసూళ్లు పంచాయతీ కార్యాలయం లాంటి బహిరంగ స్థలంలోనే జరగాలంది. హరారేలో ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని సంచులు అల్లుతూ తేరుకున్నారు. ఇక్కడ అలాగే గుండ్రంగా కూర్చున్న ఆడవాళ్లు ఒకరినొకరు కుంగదీసుకున్నారు. ఆ గుంపును కట్టిన సూత్రం ఏమిటన్నదే తేడా.

గోప్యత సంగతీ అంతే. పల్లెలో ఉదయం చెప్పిన మాట మధ్యాహ్నానికి కల్లాల దగ్గరికి చేరుతుంది. ఆశా కార్యకర్తది ఏ కులం, ఏ వాడ, ఎవరి బంధువు అన్న లెక్క చూసుకునే మనిషి ఆమెకు మనసు విప్పుతాడు. మాల, మాదిగ వాడల్లోకి కార్యకర్త వెళ్లకపోయినా, వెళ్లి గుమ్మంలోనే నిలబడినా సర్వే ఫారంలో అది కనిపించదు. మగవాళ్ల విషయం ఇంకా కష్టం. మనకున్న కార్యకర్తలంతా ఆడవాళ్లు, వాళ్లు వచ్చే వేళకు మగవాళ్లు ఇంట్లో ఉండరు. ఆత్మహత్యల లెక్కల్లో ఎక్కువమంది మగవాళ్లేనని జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా చెబుతూనే ఉంది. మగవాళ్లు కూర్చునే చోట్లు రచ్చబండ, టీ కొట్టు, ఎరువుల దుకాణం, బెల్టు షాపు. వీటిలో ఒక్కదానికీ శిక్షణ కార్యక్రమం లేదు. పురుగు మందుల డీలరుకు తన ఖాతాదారుల్లో ఎవరు మునుగుతున్నారో ఊళ్లో అందరికంటే ముందు తెలుస్తుంది. అప్పు ఇచ్చేదీ తరచుగా అతనే కావడం వల్ల ఆ తెలియడం పనికిరాకుండా పోతోంది.

సమాజం తన బాధకు కారణాన్ని తానే పట్టుకుని కదిలిన సందర్భం తెలుగు చరిత్రలో ఒకటుంది. మానసిక ఆరోగ్యపు పుస్తకాల్లో దాని పేరు కనపడదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992 ప్రాంతంలో వయోజన విద్య కేంద్రానికి వెళ్లిన ఆడవాళ్లు సారా మీద పాఠం చదువుకున్నారు. తర్వాత సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమైంది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో అది ఎత్తేశారు, ఖజానా అవసరం అలాంటిది. ఆ ఊపులోంచే నెల్లూరులో రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. రాత్రి మొగుడు తాగి వస్తాడన్న భయం తగ్గిన ఇంట్లో ఎంతమందికి నిద్ర పట్టిందో ఎవరూ కొలవలేదు. కొలిచి ఉంటే ఏ కౌన్సెలింగ్ పథకానికీ తీసిపోని ఫలితం వచ్చి ఉండేదని ఊహించడం తప్పు కాదు.

కారణాన్ని పట్టుకోవడంలో శ్రీలంక అనుభవం ఇంకా స్పష్టం. 1995లో ఆత్మహత్యల రేటు ప్రపంచంలోనే అత్యధిక దేశాల్లో ఒకటిగా ఉన్న శ్రీలంక, అత్యంత విషపూరితమైన పురుగు మందులను విడతలవారీగా నిషేధిస్తూ వచ్చింది. రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. అదే దేశంలో ఇంటింటికీ తాళం పెట్టెలిచ్చి మందు డబ్బాలు అందులో పెట్టుకోండని చెప్పిన భారీ ప్రయోగం మాత్రం ఏమీ సాధించలేదు. మనుషులు తీవ్రమైన బాధలో ఉండే గడియలు చాలా వరకు గడిచిపోతాయి. ఆ గడియల్లో చేతికి అందేది ప్రాణాంతకం కాకుండా చూడటం ప్రభుత్వం చేయగలిగిన పని, కుటుంబం మీదికి నెట్టేసేది కాదు.

పిల్లల విషయంలో ఏది పనిచేయదో ముందు తెలుసుకోవాలి

ఇంటర్ ఫలితాల రోజుల్లో రెండు రాష్ట్రాల్లోనూ ఏం జరుగుతుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. విశాఖలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలరు ఉండాలంది. మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టొద్దని కూడా చెప్పింది. రెండోది మొదటిదానికంటే ముఖ్యమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. కౌన్సెలరును పెట్టి, అదే కారిడార్లో ర్యాంకుల ఫ్లెక్సీ కట్టే యాజమాన్యాలు చాలా ఉన్నాయి.

బడుల్లో ఏం చేయాలన్న దానిపై మంచి ఆధారాలు యూరప్ నుంచి వచ్చాయి, అవి కాస్త ఆశ్చర్యపరుస్తాయి. బ్రిటన్‌లో 85 పాఠశాలల్లో ఎనిమిది వేలకు పైగా పిల్లలతో జరిగిన పరీక్షలో దాదాపు సగం మందికి ధ్యానం తరహా శిక్షణ ఇస్తే, మామూలు పాఠాలు చదివిన మిగతావాళ్లకంటే మానసికంగా మెరుగైందేమీ లేదని 2022లో తేలింది. పది యూరప్ దేశాల్లో 168 పాఠశాలల్లో, 11 వేల మందికి పైగా విద్యార్థులతో జరిగిన మరో పరీక్షలో మూడు పద్ధతులను పోల్చారు. ప్రమాద సూచనలు గుర్తుపట్టేలా టీచర్లకు శిక్షణ ఇవ్వడం ఒకటి, నిపుణులు పిల్లలను పరీక్షించడం ఇంకోటి, పిల్లలే పాత్రలు వేస్తూ తమ మధ్య వచ్చే సమస్యలను చర్చించుకునేలా చేయడం మూడోది. ఏడాది తర్వాత ఆత్మహత్యా యత్నాలను చెప్పుకోదగ్గంతగా తగ్గించింది మూడోదే. హాస్టల్ గదిలో పక్క మంచం పిల్లవాడికి తెలిసినంత వార్డెనుకు తెలియదు, మన కాలేజీల శిక్షణలన్నీ మాత్రం లెక్చరర్లకే.

ఫారంలో ఉన్న రెండు ప్రశ్నలు

తీవ్రమైన జబ్బులకు ఈ ఏర్పాట్లేవీ చాలవు. స్కిజోఫ్రీనియాకు, బైపోలార్‌కు మందులు కావాలి, ఏళ్ల తరబడి కావాలి, పీహెచ్‌సీలో ప్రతినెలా దొరకాలి. బెంచీ మీద అవ్వ చేయగలిగింది ఆ మనిషిని గుర్తించి పంపడం, మందు మానకుండా చూడటం. ఫోన్ సాయం కూడా అలాంటిదే. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్‌కు 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు, ఏ వేళైనా చేయొచ్చు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తున్నవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు, ఇద్దరూ చేయొచ్చు. పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లని కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, సంరక్షణ అందించే బాధ్యత ప్రభుత్వానిది.

ఇక అన్నిటికంటే దగ్గరగా ఉన్న అవకాశం. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఆశా కార్యకర్త నింపే సీబాక్ ఫారం ఒకటుంది. బీపీ, షుగరు, క్యాన్సర్ల ముప్పు అంచనా వేయడానికి. దాని చివరలో మనసు గురించి రెండు ప్రశ్నలున్నాయి: గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి పోయిందా, దిగులుగా, ఆశ లేనట్టుగా అనిపించిందా. అంటే ఊరికి వెళ్లి అడిగే మనిషి ఉంది, అడగాల్సిన ప్రశ్న అచ్చయి ఉంది. అప్పుల్లో ఉన్న ఆ రైతు వయసు కూడా చాలావరకు ఆ 30 దాటినదే. స్కోరు ఎక్కువ వస్తే సబ్‌సెంటర్లో ఉండే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరుకో, డాక్టరుకో పంపాలని కూడా రాసి ఉంది.

ఆ రెండు ప్రశ్నలకూ లేదు, లేదు అని టిక్కు పెట్టేసి ముందుకు పోవడానికి కార్యకర్తకు అన్ని కారణాలూ ఉన్నాయి. గర్భిణుల నమోదు, టీకాలు, జ్వరాల సర్వే, ఆన్‌లైన్ ఎంట్రీలు, పైన మీటింగులు. ఆమె ఆదాయంలో పెద్ద భాగం చేసిన పనిని బట్టి వచ్చే పారితోషికం, లేదా ఎప్పుడు వస్తుందో తెలియని గౌరవ వేతనం. ఎవరైనా అవును అన్నారనుకోండి, కనీసం అరగంట కూర్చోవాలి, వారం తర్వాత మళ్లీ రావాలి, ఎంఆర్వో ఆఫీసులో పని ఉంటే ఎవరికో ఒకరికి చెప్పాలి. హరారే అవ్వకు ఇవి ఉద్యోగంలో భాగం. ఇక్కడ ఆ అరగంటకు, ఆ రెండో రాకకు, ఆ ఎంఆర్వో ఆఫీసు ఫోనుకు లెక్క కట్టి, పనిలో భాగమని రాసి, బదులుగా ఏదో ఒక సర్వే భారం తగ్గించే ఉత్తర్వు ఒక జిల్లా కలెక్టరు స్థాయిలో మొదలుకావచ్చు. వికారాబాద్‌లో హెల్ప్‌లైన్ మొదలైంది జిల్లా యంత్రాంగం అండతోనే.